తొక్కలో సంగతి

సోహార్ పోర్టు ఎన్క, రాత్రి రెండింటికి
మా మెస్సుల లైట్లు పడతయి.
నాలుగు వందల యాభై మందికి సద్దులు కట్టాలె.
నా వంతు ఎనిమిది బస్తాల ఉల్లిగడ్డ, నాలుగు బస్తాల ఆలుగడ్డ.
ఎడమ బొటనవేలి తోలు
ఎప్పుడో నాది కాకుండ పోయింది.

ఫోన్ల ఎవలన్న ఏం పనిరా అంటే
తొక్కలో పని అంటుంటి.
అబద్ధమైతే కాదు.

రంజాన్ దాటిన వారం
సద్ది డబ్బాలు వ్యానుల నాలుగు గంటలు మగ్గినయి.
బీ బ్లాకుల ముప్పై ఒక్క మంది పడిపోయిండ్రు.
బకెట్లు సాల్లే.
పోశెట్టి గోడకు ఒరిగి నా దిక్కు సూసిండు,
ఏమనలే.
వండింది నేను గాదు.
అయినా ఆ సూపు నా చాకు మీదనే ఉండిపోయింది.

నమూనాలకు వచ్చింది షైనీ మేడం,
కొట్టాయం ఆమె, ల్యాబుల కొలువు.
అన్నం సూసింది, పప్పు సూసింది, నా గోర్లు సూసింది.
పోతా పోతా చెత్తడబ్బా కాడ ఆగి
ఈ పొట్టు నాకిస్తవా అన్నది.
ఆమె హిందీల అడిగింది, నేను తెలుగుల నవ్విన.

అప్పటి సంది క్యాంపు మిద్దె మీద
పాత దుప్పటి పరిచి ఆరబోస్తున్న.
రెండెండలు సాలు ఈడ.
ఉల్లిపొట్టు గాలికి లేస్తది, బూటు బరువు పెట్టాలె.
ఎల్లిగడ్డ పొట్టు ఇంక చెప్పద్దు,
పక్క మిద్దె పఠాన్ల గడ్డాలల్ల దొరికింది.

ఒక సెలవునాడు రమ్మన్నది.
గాజు పళ్లెంల గట్టి జావ,
దాని మీద తెల్లగ పేరుకున్నది
పొద్దుగాల అద్దానికి పట్టిన ఆవిరి లెక్క.
ఇదే, మీ బీ బ్లాకుది అన్నది.
నేను రెండడుగులు ఎన్కకు జరిగిన.

నడుమ బొట్టుబిళ్లంత కాయితం,
నా ఉల్లిపొట్టు కషాయంల ముంచింది.
దాని సుట్టు ఏం లేదు.
గుండ్రంగ, అలికిన కల్లమంత శుభ్రం.
స్కేలు పెట్టి కొలిసింది: పద్నాలుగు మిల్లీమీటర్లు.
నా పని ఒకలు కొలిసి రాసుకున్నది
అదే మొదలు.

ఆలుగడ్డ కాడ మాత్రం
కాయితం అంచు దాక వచ్చి కూసున్నయి పురుగులు.
నాలుగు బస్తాలు, దండుగ.

సంబరపడకు, ఇది పళ్లెం ముచ్చట,
ఎండల మగ్గిన అన్నాన్ని ఏ పొట్టూ కాపాడది అన్నది.
వ్యానుకు చల్లటి పెట్టె పెట్టమని కంపెనీకి రాసిందట.
ఇంకా పెట్టలే.

మొన్న బీరకాయ తొక్క గూడ అడిగింది.
ఇయ్యలే.
అది తొక్కయితది మేడం, తొక్క గాదు, తొక్కు అన్న.
ఆమెకు సమజ్ గాలే.
రెండు పచ్చిమిరపకాయలు, ఇంత చింతపండు, ఎల్లిగడ్డ,
కచ్చాపచ్చాగ నూరి
అప్పుడే, ఏడిమీదనే, బీ బ్లాకుకు పట్కపోయిన.

పోశెట్టి మూత తీసిండు.
వాసన సూసిండు.
అటెన్క నా దిక్కు సూసిండు, శానసేపు.
బువ్వల కలుపుకున్నడు.