ఉలవచారు

ఓడలో పిల్లల క్లబ్బుకి ఒక గేటుంటుంది,
నా నడుమెత్తు. అది దాటి పెద్దలు పోకూడదు.
ఇవతలే నిలబడి కాగితం నింపాలి:
పేరు, వయసు, వేరుశనగ పడుతుందా,
చీకటంటే భయమా, బాత్రూముకి తనంతట తాను వెళ్తుందా.
ఆఖరి గడిలో ఒక రహస్యపు మాట.
ఆ మాట చెప్పినవాళ్ళకే పిల్లని అప్పగిస్తారట.
కన్నతల్లి మొహమైనా చాలదు.

నేను ఉలవచారు అన్నాను.
మరీసోల్ అనే ఆ అమ్మాయి పెన్ను ఆపి,
మూడుసార్లు పలికించుకుని ఏదో రాసుకుంది.
తన కూతురు ఎక్కడో ఒక ద్వీపంలో
అమ్మమ్మ దగ్గర ఉందని, అడగకుండానే, నాలుగో రోజు చెప్పింది.

ఆరేళ్ళ హంసినికి పసుపు పట్టీ, తొమ్మిదేళ్ళ త్రిలోక్‌కి నీలం.
వయసుని బట్టి గదులు. అన్నాచెల్లెళ్ళైనా మధ్యన గోడ గోడే.
పట్టీ మీద ఒక అక్షరం.
ఓడకేమైనా అయితే ఆ అక్షరం రాసిన చోటికే
వాళ్ళు పిల్లని తెస్తారు,
నువ్వు వెతుక్కుంటూ కిందికి పరిగెత్తకూడదు.
ఈ ముక్క విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పట్టకపోయినా, మూడో రాత్రి శ్రీకరూ నేనూ
డెక్కు మీద కబుర్లలో పడి పదకొండు దాటించాం.
వెళ్ళేసరికి కుర్చీలు బల్లలెక్కాయి.
హంసిని ఒక్కతే, బూట్లు తొడుక్కుని,
సంచి వీపున వేసుకుని, గేటుకేసి చూస్తూ.
ఆలస్యపు రుసుము గది బిల్లులో కలిసింది.
హంసిని ఏమీ అనలేదు.

ఆగస్టు. నిజాంపేట.
మా అపార్ట్‌మెంటు కుంట మీద కట్టిందని
వానొస్తేనే గుర్తొస్తుంది.
సెల్లార్‌లో మోకాళ్ళ లోతు నీళ్ళు, జనరేటరు మునిగింది, లిఫ్టు మధ్యలో నిలిచింది.
మేమంతా కింద కార్లు నెడుతున్నాం.

పైకొస్తే, మూడో అంతస్తు మెట్ల దగ్గర
ప్లాస్టిక్ కుర్చీ అడ్డం. దాని వెనక హంసిని,
ముందు పాల లెక్కల పుస్తకం.
పదకొండు మంది పిల్లలు, చేతులకి నా జడ రబ్బరుబ్యాండ్లు.
చీకటంటే భయమా అని అడిగితే
చీకట్లో కూర్చుని అందరూ లేదన్నారు.
మాట ఏమిటంటే ముగ్గురు బిర్యానీ అన్నారట,
ఇద్దరి చేత మార్పించింది.

ఒక్కొక్కరే వచ్చి, తడి చేతులతో సంతకాలు పెట్టి,
మాట చెప్పి పిల్లల్ని తీసుకెళ్ళారు.
వాచ్‌మన్ బీరప్ప కొడుకు అక్షిత్ మిగిలాడు.

ఒంటిగంట దాటింది. "మూసెయ్యమ్మా ఇంక" అన్నాను.
"ఆఖరి వాడు వెళ్ళేదాకా మూయరు,"
నా వైపు చూడకుండా అంది.
వాడికి చెప్పులు తొడిగించి పక్కన కూర్చోబెట్టుకుంది.

బీరప్ప వచ్చాడు, ఒళ్ళంతా బురద.
"మాట చెప్పాలి అంకుల్."
రోజూ గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళని
పేరు రాయమనే మనిషి, ఆ పుస్తకాన్ని చూసి నవ్వాడు.
"నా కొడుకును నేను తీస్కవోనీకె మాట గావాల్నా బిడ్డా?"
"కావాలి."
అక్షిత్ పెదాలు కదుపుతున్నాడు, చప్పుడు లేకుండా.
"గట్కనా? సర్వపిండా?"
వాడు తల అడ్డంగా ఊపాడు, ఏడుపు మొహంతో.
"గట్లనే కూసో మరి. మోటర్ బందువెట్టి వస్త..."

హంసిని కుర్చీ జరిపింది.

మోటర్. వాడి పేరు పక్కన అదే రాసుంది.
తండ్రి నోట రోజుకి వందసార్లు వినే మాట.
బీరప్పకి ఏం జరిగిందో తెలియలేదు,
కొడుకుని భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

హంసిని పుస్తకంలో టైము వేసింది, ఒకటీ నలభై.
రుసుము దగ్గర గీత గీసి వదిలేసింది.
సంచి వీపున వేసుకుని కూర్చుంది.

నేను కుర్చీ ఇవతలికి వెళ్ళి నిలబడ్డాను.
ఉలవచారు అన్నాను.
"వినపడలేదు," అంది.