ఊరకుండే డబ్బా నాకొద్దు

తెల్లారి నాలుగ్గంటలకు మా ఓటల్లో
అందరికన్నా ముందు లేచేది గ్రైండరు.
అది తిరగబట్టినాక
గుంతకల్లు స్టేషన్లో గూడ్సుబండి కూత కూడా
మా గడప దాటి లోపలికి రాదు.

ఆ పొద్దు నేను బజ్జీల పిండి కలుపుతాండా.
తిప్పేస్వామి బొరుగులు నానేస్తాండాడు.
మిద్దె మీద మా ఇందుజ
ఎంతసేపు ఏడ్సిందో మాకు తెలీదు.
పైకి పోయి చూస్తే ఏడుపు అయిపోయింది.
గొంతు ఇసుక రాసినట్ల బొంగురుపోయి
నన్ను చూసి నోరు తెరిసింది,
శబ్దం రాలేదు.

పదకొండు మెట్లు.
పదకొండే మెట్ల కింద
కన్నతల్లినై ఉండి చెవిటిదాన్నైతి.

మధ్యాన్నం ఓటలు మూసి దాదాపీర్ అంగడికి పోయినాను.
ముందు బొమ్మ కనపడేది తీసినాడు.
"పాప కాళ్లాడించేది కూడా చూడొచ్చక్కా."
చూసేకి నా కండ్లు యాడ ఖాళీగుండాయబ్బా?
ఒకటి బాండలి మీద, ఒకటి గల్లాపెట్టె మీద.
చేతులా, శనగపిండిలో.
మిగిలింది చెవులు, అవీ సగమే.
పాటలు పాడేది చూపించినాడు,
గోడ మీద చుక్కలు పూయించేది చూపించినాడు.
నిద్రపుచ్చేది నేను పుచ్చుకుంటాలే,
ఏడిస్తే చెప్పేది ఇయ్యి అన్నాను.

మూడు డబ్బాలు ఇంటికి తెచ్చుకున్నా,
పనికిరానివి వాపసిచ్చే మాట మీద.
తిప్పేస్వామిని మిద్దెక్కించి
బిడ్డ మాదిరి ఏడ్సమన్నాను.
అంత మీసాలాయప్ప, సిగ్గుపడి సిగ్గుపడి
మేకపిల్ల మాదిరి అరిసినాడు.
కింద గ్రైండరేసి చెవొగ్గినాను.

మొదటిదాంట్లో మేక సగమే వచ్చింది.
మాది పాతకాలం రాతిగోడ, మూరెడు మందం,
మిగతా సగం అది తినేసింది.

రెండోది బలే మర్యాదస్తురాలు.
శబ్దముంటే పలుకుతాది, లేకుంటే ఊరకుంటాది.
ఆ ఊరకుండేదే నాకు భయం.
బిడ్డ నిద్రపోయి ఊరకుందా,
డబ్బా సచ్చిపోయి ఊరకుందా,
రెండూ ఒకే మాదిరుంటే
నేను ఏ దానికి పరిగెత్తేది?

మూడోది చూసేకి బాగలేదు.
స్టేషను దొరకని రేడియో మాదిరి
ఎప్పుడూ సన్నగా బుస్సుమంటానే ఉంటాది.
చెవి ఆనిస్తే, ఆ బుస్సు లోపల ఊపిరి.
తీగ పీకితే బ్యాటరీ మీద బతికింది.
ఎదురింటి అవతలికి ఎత్తకపోతే
నాకు అందలేదని కీకీమని తానే ఒప్పుకుంది.
ఏడుపు పెరిగేకొద్దీ ఎర్రదీపాలు ఒకటొకటి ఎక్కుతాయి,
చెవి ఓడిపోయినా కన్ను పట్టుకుంటాది.
"దీన్నెవరూ కొనరక్కా" అన్నాడు దాదాపీర్,
నూర్రూపాయలు తగ్గించినాడు.
వినపడనప్పుడు వినపడలేదని చెప్పేదాన్ని
నమ్మక ఏం చేసేది?
మనుషుల్లో అట్లాటోళ్లు నాకు ఇద్దరే తెలుసు.

బియ్యం డ్రమ్ము మీద పెట్టినాము.
డ్యూటీ దిగొచ్చే గార్డు ఓబుళపతి
ఉగ్గాని తింటా దాని దిక్కు చూసి
"పచ్చదీపమేలేమ్మా, లైన్ క్లియర్" అంటాడు.
ఎర్రది ఎక్కితే ఎవరో ఒకరు కేకేస్తారు,
తింటాండోళ్లు ఎంగిలి చేత్తోనే లేసి
మెట్లకాడ దారిడుస్తారు.

నిన్న పదిగంటలప్పుడు పాలిస్తా ఇస్తా
పాప పక్కనే ఒరిగినాను.
దిగొస్తే అందరూ ముసిముసిగా నవ్వుతాండారు.
"ఏమమ్మా, సంటిబిడ్డకింత గురకా?" అన్నాడు ఓబుళపతి.
అరగంటసేపు నా గురకను
ఒక్కటి గూడా జారిడ్సకుండా కిందికి దించిందంట.
తిప్పేస్వామి తలెత్తలేదు, గిన్నెలు తోముతాండాడు.
గ్రైండరు మూత తీసినాను.
మినపప్పు సగం నలిగి
ఆగిపోయి ఉండాది.