సోంబారి ఎవరు?

కాశీనగర్ దాటాక వంశధార ఒడ్డున
మా ఆడపిల్లల హాస్టలు.
గోడల మీద ఒడియా, వంటగదిలో తెలుగు,
దీపాలార్పాక దుప్పట్ల కింద సవర.
మందుల బీరువా తాళం నా కొంగున.

వారాల పేర్లు పెట్టుకుంటారు వీళ్ళు.
సోమవారం పుడితే సోంబారి,
బుధవారం పుడితే బుధుబారి.
ఇక చూసుకోండి నా రిజిస్టరు అవస్థ:
బుధుబారికి సోమవారం ఐరన్ మాత్ర,
గురుబారికి వారమంతా రక్తం మాత్ర,
సోంబారికి రాత్రి ఎనిమిదికి మూర్ఛ మాత్ర.

సోంబారిలు ఇద్దరు.

ఆ రాత్రి కరెంటు లేదు.
సెల్లు లైటు చంకలో ఇరికించుకుని
"సోంబారీ" అని కేకేశాను.
ఓ గుంట వచ్చి నోరు తెరిచింది.
పెద్దోళ్ళు పిలిస్తే రావాలని, ఇస్తే మింగాలని
నేర్పింది మేమే కదా.
మింగింది. నీళ్ళు తాగింది. పోయి పడుకుంది.

కాసేపటికి ఇంకో సోంబారి వచ్చి నించుంది.
"అమ్మా, నా మాత్ర?"

చేతిలో స్టీలు గ్లాసు చల్లగా ఉంది.
అదొక్కటే గుర్తుంది.

డాక్టరమ్మ ఫోన్లో తిట్టలేదు.
బరువెంత, మాత్ర ఎంతది, ఎన్నింటికి వేశావు,
అంతే అడిగింది.
"పక్కనే కూర్చో. గంట గంటకీ లేపు.
లేవకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా
బేగి బయల్దేరిపో."
జీపు తాళాలు ఒళ్ళో పెట్టుకుని
డ్రైవరు దండాసి వరండాలో కూర్చున్నాడు, బీడీ కూడా ముట్టించకుండా.
నేను లేపాను. లేపినప్పుడల్లా గుంట విసుక్కుంది.
అంత తీపి విసుగు నా బతుకులో వినలేదు.

తెల్లారి లేచి "ఆకలి" అంది.

పేజీ చింపేస్తే పోయేది.
హెడ్‌మాస్టరు బెహరా గారు ఆ మాటే అన్నారు
తలుపు దగ్గరగా వేసి, నా మంచి కోసమే.
ఎర్ర సిరాతో రాశాను:
"మాత్ర వేరే పిల్లకి ఇచ్చేశాను. ఇచ్చింది నేను."
కింద సంతకం. చెయ్యి వణికి
నా పేరు నాకే కొత్తగా కనబడింది.

ఆ గుంట తండ్రి కొండ దిగి వచ్చాడు.
చదువు రాదు. ఎర్ర గీత మీద వేలు పెట్టి
రెండు సార్లు చదివించుకున్నాడు.
"రాసేవు" అన్నాడు.
క్షమించాడో లేదో ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు అడుగుతాను.
నీ పేరు? నాన్న పేరు? ఊరు?
డబ్బా మీద నీ ఫొటో చూపించు.
వంటామె హేమలత కూడా చూసి తలూపాలి,
తలూపకపోతే నా చెయ్యి కదలదు.
మింగాక నాలిక ఎత్తాలి.
కూర చెంచాతో సిరప్ కొలవడం మానేశాం.
ఇంటి నుంచి కాగితంలో పొట్లం కట్టి తెచ్చిన
పేరు లేని తెల్ల మాత్రల్ని
ఎంత ఏడ్చినా వెయ్యను.
"మాయమ్మ ఇచ్చిందండీ" అంటారు.
మీయమ్మ మీద నమ్మకం లేక కాదు తల్లీ,
ఆ పొట్లానికి నోరు లేదు.

నిన్న రాత్రి
నా బీపీ మాత్ర నోట్లో వేసుకోబోతుంటే
సోంబారి, ఆ సోంబారే, చెయ్యి పట్టి ఆపింది.

"నీ పేరు?"
పైడమ్మ.
"నాన్న పేరు?"
ఎన్నేళ్ళయిందో ఆ పేరు పలికి.
సింహాద్రి, అన్నాను. గొంతు తడబడింది.
"ఊరు?"
ఏటికి ఇటు పుట్టి అటు పెరిగినదాన్ని.
ఏ ఒడ్డు చెప్పనా అని ఆలోచిస్తూ ఉంటే
దానికి ఓపిక చాల్లేదు.
గ్లాసు నా ముందుకి తోసి,
మింగేదాకా చూసి,

"నాలిక ఎత్తు" అంది.