ఐదుగురు సైదులు

మా మిల్లుల సైదులూ అని కేకేస్తే
ఐదుగురు తిరిగి చూస్తరు.
జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే పుట్టినోళ్లే అందరు.
బాయిలర్ సైదులు, తవుడు సైదులు,
వేములపల్లి సైదులు, బీడీల సైదులు,
ఇంకొకాయన ఉత్త సైదులు.
ఆయనకు ఏ పేరూ అతకలే.

పదహారేండ్ల సంది హాజరు పట్టీ నాదే.
వచ్చినోనికి చుక్క, రానోనికి సున్న,
సగం పూటకు తోక ఉన్న చుక్క.
మిర్యాలగూడ ఎండకు అట్ట వంకరపోయింది,
పేజీ తిప్పితే నూక రాలుతది.

చిన్నసేటు అన్నడు:
"నర్గీసక్కా, ఇగ బుక్కు బంద్.
పట్నం నుంచి ముగ్గురొస్తున్నరు, సాఫ్ట్‌వేర్లు చూపిస్తరు.
ఏది మంచిదో నువ్వే చెప్పు."

బర్రెను కొనబోతే పండ్లు చూస్తం,
పొదుగు ఒత్తి చూస్తం.
దీనికి ఏడ ఒత్తాలె?

మొదటోడు తలకు నెలకు అరవై అన్నడు.
తలకా?
"అవును మేడం, పర్ హెడ్."
నూట పద్నాలుగు తలలు.
నాది కలిపితే నూట పదిహేను.
కలపాల్నా అని అడగలే.
పుట్టినరోజు నాడు దానంతటదే శుభాకాంక్షలు పంపుతదట.
మా కాడ అరవై మందికి పుట్టినరోజు జనవరి ఒకటే,
ఆధార్ రాసినోడు అట్ల రాసిపడేసిండు.
ఆ పొద్దు అన్ని ఫోన్లు ఒక్కపారి మోగుతయి,
బస్తా భుజం మీదుంటే ఎవడెత్తుతడు?

రెండోదాంట్ల తెలుగుంది.
"మీ సెలవు వినతి తిరస్కరింపబడినది."
గిట్ల ఎవరు మాట్లాడుతరు,
తాసీల్దారాఫీసు గోడ తప్ప?

మూడోది ముఖం చూసి హాజరేస్తది.
తవుడు సైదులును నిలబెట్టిండ్రు.
గుర్తుపట్టలే.
తువ్వాల తీయుమన్నరు. పట్టలే.
కడుక్కొని రమ్మన్నరు.
కడుక్కొనొచ్చిండు.
అది పట్టింది గాని
నేనే ఒక్క ఘడియ పోల్చుకోలే.

ముగ్గుర్నీ ఒకటే అడిగిన:
రాత్రి పదింటికొచ్చి తెల్లారి ఆరింటికి పోయేటోనికి
ఎన్ని దినాలు?
మొదటోడు రెండు సగాలన్నడు.
మూడోడు, "పన్నెండు దాటితే తారీఖు మారుతది మేడం,
మా చేతుల ఏముంది?"
రెండోడు సెట్టింగుల్ల వెతికి వెతికి
చాయ్ తాగిండు.

సెలవు ఎందుకో చెప్పాలంటే
మూడింటి తాన మూడే ఉన్నయి:
అనారోగ్యం, సొంతపని, పెండ్లి.
నా పట్టీల ఉన్నయి చూడు:
ఎడమకాల్వకు నీళ్లిడిసిండ్రు, పదకొండు సున్నలు.
బోరు ఫెయిల్.
మర్రిగూడల మేనత్త, మోకాళ్లు లేస్తలేవు, దవఖాన.
ఉత్త సైదులు, మూడు రోజులు, కోపం.
ఎవరి మీదనో నేను రాయలే,
ఆయన చెప్పలే.

గోనెసంచుల బిల్లు వెనక మూడు గడులు గీసిన.
మంచీ చెడ్డా రాసుకుంట పోతే
మూడూ ఒక్కతీరే నిండినయి.
మల్ల రెండోడిని పిలిచి
తెర అడుగున ఖాళీగున్న డబ్బా చూపించిన.
ఇదేంది?
"రిమార్క్స్ మేడం. దాన్నెవ్వరూ వాడరు."
ఎంత పడుతది?
"రెండొందల నలభై అక్షరాలు."

ఏమక్కా, ఇదే ఎందుకంటే
చవుక సేటూ, అన్న.
అదీ అబద్ధమేం కాదు.

ఒకటో తారీఖు పొద్దుగాల
ఒక్కొక్క అక్షరం వెతుక్కుంట కొట్టిన:
"బాయిలర్ సైదులు రాత్రి పదింటికొచ్చి
పొద్దున ఆరింటికి పోయిండు.
ఒక్కటే దినం. కోయొద్దు."
ఇంకా నూటయాభై చిల్లర మిగిలినయని
మూలకు అంకె చూపిస్తుంది.
ఉండనీ.
నలుగురు సైదులున్నరు.