నాలుగో పెట్టె

మా కెజియా కోటలు
లెక్కల నోటుబుక్కు వెనకవైపు నుంచి మొదలై
భిన్నాల దాకా వచ్చి ఆగాయి.
ఒక్కో పేజీ ఒక్కో పెట్టె.
పైన పేరు, కింద ఎన్ని ముక్కలో, ఏ వయసు వాళ్లకో.
ధర దగ్గర మాత్రం అన్నిట్లో ఒకటే మాట:
"నాన్నని అడగాలి."

మొదటిది కొండవీడు.
మెట్లకే నూట పన్నెండు బూడిదరంగు ముక్కలు.
రాజు ఒకడు, గుర్రం ఒకటి,
రాళ్లు మోసేవాళ్లు పద్నాలుగు మంది.
ఇంతమంది ఎందుకే అంటే
"కొండ చూశావా నాన్నా?" అంది.
చూశాను. పెళ్లైన కొత్తలో, ఘాట్ రోడ్డు లేనప్పుడు.
ఎక్కించినందుకు వాళ్లమ్మ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.
పద్నాలుగు మంది చాలరేమో అన్నాను.

రెండోది ఉండవల్లి.
నాలుగంతస్తుల గుహ, కప్పు తీస్తే లోపల పడుకున్న దేవుడు.
ఆయన్ని మాత్రం ముక్కలు చెయ్యొద్దట,
పొడుగ్గా ఒక్కటిగానే రావాలట.
"చర్చికెళ్లే పిల్లవి, నీకెందుకే" అంది వాళ్ల నాయనమ్మ.
"నిద్రపోయేవాళ్లని ఊడదీయకూడదు కదా."

మూడోది ఎక్కడా లేనిది.
బ్యారేజీ కింద డెబ్బై తలల చేప.
గేటు ఎత్తితే ఒక తల ఆవలిస్తుంది.
డెబ్బయ్యో గేటు ఎత్తకూడదు,
ఆ తల నిద్రలో మాట్లాడుతుంది.

ఇంట్లో అసలున్న ముక్కలు అర బకెట్టు.
ఆదివారం బజార్లో తూకానికి కొన్నవి,
ఎవరి పిల్లలో పెరిగిపోయి వదిలేసినవి.
సగం నౌక, తల లేని వ్యోమగామి,
ఏదో మంచుదేశపు ఇంటి పైకప్పు.
వాటితోనే కొండవీడు లేవాలి.

లేనివి నేను చేశాను.
ఆటోనగర్లో, బుష్షులు తీయగా మిగిలిన నైలాన్ కడ్డీతో.
బొడిపె నాలుగు పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు,
వెంట్రుకవాసి ఎక్కువైతే ఎక్కదు,
తక్కువైతే నిలవదు.
మా ఓనరు బాపయ్య వెర్నియర్ పెట్టి చూసి
"ఏ బండి స్పేరయ్యా ఇది?" అన్నాడు.
కోటది అన్నాను.
కాసేపు చూశాడు. బిల్లు రాయలేదు.

తర్వాత బుడమేరు వచ్చింది.
సింగ్‌నగర్లో మా వీధికి రాత్రి మడమల లోతు,
తెల్లారేసరికి కిటికీ ఊచలు లేవు.
మేడమీద పదకొండు కుటుంబాలం, ఐదు రోజులు.
నోటుబుక్కు గౌనులో దోపుకుని ఎక్కింది పిల్ల.
బకెట్టు మరిచిపోయాం.
ఏడవలేదు. పిట్టగోడకి గడ్డం ఆనించి
వచ్చిపోయే పడవల రంగులు రాసుకుంది.

నీళ్లు తీశాక
బకెట్టు నిండా బురద, బురద నిండా కోట.
డెట్టాల్ నీళ్లలో, పళ్లు తోముకునే బ్రష్షుతో
ఒక్కో ముక్కా తోమాం.
ఇప్పటికీ రెండు ముక్కలు కలిపితే
కరకరమని వినబడుతుంది.

నిన్న నాలుగోది గీసింది.
మూడంతస్తుల మేడ, కింద రెండూ నీలం ముక్కలే.
తాడు కట్టిన బిందె, అందులో పాలపాకెట్లు ఆరు.
తేలుతున్న ఫ్రిజ్జు, దాని మీద పిల్లి
(రహమతున్నీసా వాళ్లది, బతికింది).
డ్రోను, డ్రోను కింద పులిహోర పొట్లం.
మనుషులెందరే అంటే
"పదకొండు కుటుంబాలు. రాజు లేడు."

ప్రతి పేజీ అడుగునా రెండు గళ్లుంటాయి:
చరిత్ర, మాయాలోకం.
ఒకదానికే టిక్కు పెట్టాలని తనదే రూలు.
పెన్సిలు అక్కడ ఆపి నా మొహంలోకి చూసింది.
నేను గోడ మీద నీటిగీత చూశాను,
రెండు కోట్లు సున్నం వేసినా పైకి తేలుతోంది.
గళ్లు రెండూ ఖాళీగానే వదిలేసింది.
వయసు దగ్గర మాత్రం ముందే రాసుంది:
"ఈత రానివాళ్లకి కూడా."

"పిల్లి ముక్క ఎక్కడా దొరకదు నాన్నా" అంది పడుకోబోతూ.
లేతు మీద గుండ్రటివే వస్తాయి,
పిల్లి రాదు.
చిన్న ఆకురాయి పట్టుకుని కూర్చున్నాను.
ఒక చెవి వచ్చింది.