గెంతి చూడండి

వల్పరాయిసో కొండవీధిలో నా కొట్టు
గుమ్మమంత వెడల్పు.
ఇయర్‌ఫోన్లు కొనేవాళ్ళకి ఒకటే షరతు:
పెట్టుకుని గెంతాలి.

పెట్టెమీద రాతలు నేను నమ్మను.
చెవికీ చెవికీ పడదు,
ఒకే తలకున్న రెండూ తోడికోడళ్ళే.

ఒతీలియా వచ్చింది. ట్రాలీబస్సు నడుపుతుంది.
ముప్పయ్యేళ్ళు కూర్చుని కూర్చుని మోకాళ్ళు బిగిశాయట,
మెట్లెక్కమన్నాడు డాక్టరు.
"గెంతడమా? ఈ ఒళ్ళేసుకునా?"
వీధి అటూ ఇటూ చూసి,
హ్యాండ్‌బ్యాగు నా చేతికిచ్చి,
గెంతింది.

చిన్న రబ్బరుది రాలింది. పెద్దది నొక్కింది.
చెవి వెనక్కి కొక్కెంలా తిరిగేది
కుడివైపు నిలిచింది, ఎడమవైపు జారింది.
చిన్నప్పుడు కుక్క కొరికిన చెవి అది,
పై అంచు లేదు.

ఏడోసారికి ఆమెకి నవ్వాగలేదు,
బీరువా అద్దాలు గలగలలాడాయి.
ఎనిమిదోసారి నేను అడగలేదు,
ఊరికే గెంతింది.

కొక్కెందే తీసుకుంది.
జారేదాన్ని డబ్బాలో పెట్టి మూసింది.
"ఈ చెవి వీధికి," అంది,
"వెనకాల కుక్కొస్తే తెలియాలిగా."

ఇప్పుడు పొద్దున్నే షట్టరెత్తుతుంటే
పైమెట్లమీద కనిపిస్తుంది:
ఇరవై మెట్లకోసారి ఆగడం,
ఆగినప్పుడల్లా చెయ్యి కుడిచెవికి పోవడం,
అది అక్కడే ఉండడం.