పదకొండో కొక్కెం

దేవరకొండ శాఖా గ్రంథాలయంలో
స్టాకు రిజిస్టరు ప్రకారం సీలింగు ఫ్యాన్లు పదకొండు.
పైకి చూస్తే పది.
మెడ పట్టేసేదాకా లెక్కపెట్టిన, పదే.

కాగితం సంగతి మీకు తెలియంది కాదు.
పాతది అప్పజెప్తేనే కొత్తదానికి సర్కారు సగం భరిస్తదట.
డెబ్బై అయిదు వాట్లు మింగేది దిగితే
ఇరవై ఎనిమిదితో సరిపెట్టుకునేది ఎక్కుతదట.
దేవరకొండంత బిల్లు గుండంత అయితదని
నల్లగొండ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ
చాయ చల్లారేదాకా చెప్పింది.
నాకు ఎక్కింది ఒక్క ముక్కే:
పదకొండు రాసి పది ఇస్తే
సంజాయిషీ.

ఖాజామియా నిచ్చెన వేసిండు.
ఒక్కోటి దిగుతుంటే
ముప్పై ఏండ్ల దుమ్ము లేచి
తీరిగ్గా వచ్చి దినపత్రికల మీద కూర్చుంది.
ఒకదాని గిన్నెలో కందిరీగ కట్టుకున్న మట్టిల్లు.
చోకులు, కొసలు నల్లబడ్డ ట్యూబులైట్లు,
అయిదు మీద పెట్టినా రెండంతే తిరిగించే
పెద్ద నల్ల రెగ్యులేటరు,
అన్నీ వరుసగా నేల మీద,
జాతరలో తప్పిపోయినోళ్ల లెక్క.

"పదకొండో కొక్కెం ఉంది సార్" అన్నడు పైనుంచి.
బాలసాహిత్యం బీరువా మీద
తుప్పు పట్టిన వంకర వేలు,
ఎవర్నో రమ్మంటున్నట్టు.

రిజిస్టరు వెనక పేజీలో
వెలిసిన నీలి సిరాతో ఒక వాక్యం దొరికింది:
"ఎండల తీవ్రత దృష్ట్యా ఒక పంకా
ఆసుపత్రి కాన్పుల గదికి తాత్కాలికముగా."
కింద గిలుకు సంతకం.
తారీఖు ఇరవై ఏడేండ్ల కిందిది.
తాత్కాలికముగా.

పోయి చూసిన.
తిరుగుతనే ఉంది.
రెక్క మీద తెల్ల పెయింటు నంబరు ఉండాలె,
తిరిగేదాని మీద ఏం చదువుతం?
ఒక్క నిమిషం ఆపమంటే
సిస్టర్ కరుణమ్మ నన్ను ఎగాదిగా చూసింది.
మంచం మీద చందంపేట వైపు తండా పిల్ల,
పక్కన పన్నెండు గంటల వయసు మనిషి,
పిడికిలి ఇంకా విప్పలేదు.
"ఆపుతె, నువ్వు విసురుతవా?"

విసిరిన.
నవ్వకండి, ఆ సబ్సిడీ ఫైలుతోనే విసిరిన.
రెక్కలు నెమ్మదించి, ఇంకా నెమ్మదించి
"గ్రం.శా. 7" బయటపడేదాకా,
ఫొటో తీసి, మళ్లా స్విచ్చి వేసేదాకా.
రెండు నిమిషాలకే రెట్ట గుంజింది.
ఇరవై ఏడు ఎండాకాలాలు ఇదెట్ల విసిరిందో.

"మీకు కొత్తవి ఎప్పుడొస్తయి సిస్టర్?"
"మా ఫైలు కూడా తిరుగుతనే ఉంది,
దీనికంటే మెల్లగ."

వచ్చి రాసిన:
పదకొండవది పనిచేయుచున్నది.
అప్పగించుటకు వీలుపడదు.
ఇంజనీరమ్మ ఫోనులో చాలాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత, "పదికే బిల్లు పెట్టండి" అన్నది.

మొదటి నెల, మీటరు ఆగిందేమోనని
లైన్‌మన్ రెండుసార్లు తట్టి చూసిండు.
కొత్త పంకాలు సాక్సులేసుకున్నట్టు తిరుగుతయి.
ఆ గరగర కింద ఇన్నేండ్లు ఏమేం దాగినయో
ఇప్పుడు ఒక్కొక్కటే వినపడుతున్నయి.
పేజీ తిప్పే ముందు తడుపుకునే వేలు.
వార్త చదువుతూ తనలో తను
తగాదాపడే జంగయ్య సారు.
గ్రూప్స్‌కు చదివే రమావత్ బాలు
మధ్యాహ్నం ఏమీ తినడన్న సంగతి,
వాని కడుపే చెప్పింది, మూడు బల్లల అవతలికి.
ఇంట్ల చెప్పిన,
డబ్బాల ఇంకో రెండు రొట్టెలు పెట్టుమని.

పదకొండో కొక్కెం అట్లనే ఉంది.
దాని కింద ఉక్కపోత, ఎవరూ కూర్చోరు.
బీరువా జరిపి
నా కుర్చీ అక్కడ వేసుకున్న.